నుదుటి మీద ప్రకటన



ముందుగా ఒక మనవి. ఈ ప్రసంగంలో ఒక మందు పేరు పదే పదే వస్తుంది. రేడియోలో సరుకు పేరు చెప్పించుకోవాలంటే రుసుము కట్టాలి. 1967లో వివిధభారతిలో ఆ పద్ధతి మొదలైంది. నా ప్రసంగానికి అలాంటి రుసుము ఎవరూ కట్టలేదు. పోనీ పేరెత్తకుండా దాటేద్దామా అంటే కుదరదు, నేను చెప్పబోయే మనిషి కథ సగం ఆ సీసాలోనే ఉంది. ఆ మందు అమృతాంజనం. ఆ మనిషి దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

మన దివిసీమలోని నాగాయలంక నుంచి అవనిగడ్డ, చల్లపల్లి, కూచిపూడి మీదుగా పామర్రు చేరితే, ఆ గుడివాడ ప్రాంతంలోనే యలకుర్రు. అదీ పంతులుగారి ఊరు. 1867లో పుట్టారు. బందరులో చదువుకున్నారు, మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టభద్రులయ్యారు. ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్రగ్రంథమాల, కాంగ్రెసు, జైలు, శ్రీబాగ్ ఒప్పందం. ఆయన జయంతి సభల్లో ప్రసంగాలు ఈ వరసలోనే సాగుతాయి. మందు గురించి మాత్రం, వ్యాపారంలో సంపాదించిందంతా దేశానికి ధారపోశారని ఒక్క వాక్యం. ఎలా సంపాదించారన్నది ఎవరికీ పట్టదు. వ్యాపారం అనగానే కాస్త ముఖం తిప్పుకోవడం మన చదువుకున్నవాళ్లకి పాత అలవాటు. ప్రకటనలంటే మరీను. నాకు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగి మాట్లాడాలని ఉంది. సరుకును జనంలోకి తీసుకెళ్లే విద్యలో పంతులుగారు ఆ కాలంలో ఏ దేశస్థుడికీ తీసిపోరు. ఊరి మీద అభిమానంతో అంటున్నానని అనుకోకండి. పక్కన ఇంకో మనిషిని నిలబెట్టి చూపిస్తాను.

ఆ మనిషి క్లాడ్ హాప్కిన్స్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం వాడు. 1866లో పుట్టాడు, అంటే పంతులుగారికన్నా ఒక్క ఏడాది పెద్ద. పేద కుటుంబం. తల్లి గొప్ప భక్తురాలు. కొడుకు పాదిరీ కావాలని ఆమె కోరిక. పద్దెనిమిదేళ్లు నిండీ నిండకముందే కుర్రవాడు చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. కానీ ఆ కటువైన మతం మనసుకి పట్టలేదు. వదిలేశాడు. తల్లి ఆ సంగతి ఎన్నటికీ క్షమించలేదని తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. చిన్నతనంలో తల్లి ఇంట్లో వెండి సామాను తోమే పాలిష్ తయారుచేస్తే, ఇంటింటికీ తిరిగి అమ్మింది ఇతనే. గుమ్మంలో నిలబడి మంచి పాలిషండీ, కొనండీ అంటే పదిమందిలో ఒకరు కొనేవారు. అదే లోపలికి వెళ్లి, వాళ్ల వెండి గిన్నె వాళ్ల ఎదుటే తోమి తళతళలాడేలా చూపిస్తే దాదాపు అందరూ కొనేవారు. హాప్కిన్స్ జీవితమంతా సంపాదించింది ఈ ఒక్క పాఠం మీదే. చెప్పకు, చూపించు. చూపించి, ఒకసారి వాడనివ్వు. ఆ తర్వాత సరుకే మాట్లాడుకుంటుంది.

1907లో లార్డ్ అండ్ థామస్ అనే ప్రకటనల కంపెనీ యజమానుల్లో ఒకడైన ఆల్బర్ట్ లాస్కర్ ఇతన్ని పనిలోకి తీసుకున్నాడు. జీతం ఏడాదికి లక్షా ఎనభై అయిదు వేల డాలర్లు. ఆ రోజుల డాలర్లు! ప్రకటనకి నాలుగు ముక్కలు రాసే గుమాస్తాకి అంత జీతమా అని ఊళ్లోవాళ్లు నోళ్లు నొక్కుకుని ఉంటారు.

అతని గడుసుతనానికి ఒక్క ఉదాహరణ చెబుతాను. ష్లిట్జ్ అని ఒక బీరు కంపెనీ. అప్పట్లో ప్రతి కంపెనీ మా బీరు స్వచ్ఛమైనది అని పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చేయించేది. అది విని విని జనం పట్టించుకోవడం మానేశారు. హాప్కిన్స్ ఫ్యాక్టరీకి వెళ్లి చూశాడు. సీసాలు యంత్రంలో నాలుగుసార్లు కడుగుతున్నారు, వేడి ఆవిరి పట్టిస్తున్నారు, నీళ్ల కోసం వేల అడుగుల లోతు బావులు తవ్వారు. ఇవన్నీ జనానికి ఎందుకు చెప్పరు అని అడిగాడు. మేమే కాదు, ప్రతి కంపెనీ చేసేది ఇదేనయ్యా అన్నారు వాళ్లు. చేసేది అందరూ సరే, చెప్పినవాడు ఎవడూ లేడు కదా అని అతను ఆ సీసాలు కడిగే పద్ధతినే ప్రకటనగా రాశాడు. అయిదో స్థానంలో ఉన్న కంపెనీ కొద్ది నెలల్లో మొదటి స్థానానికి పోటీగా వచ్చిందని అతను చెప్పుకున్నాడు. అందులో అబద్ధం లేదు. అలాగని పూర్తి నిజమూ లేదు. ప్రకటనల లోకమంతా ఆ సందులోనే బతుకుతుంది.

ఇంకో సంగతి మన దేశానికి సంబంధించినది. లార్డ్ అండ్ థామస్‌కి రాకముందు హాప్కిన్స్ తివాచీలు ఊడ్చే బిస్సెల్ కంపెనీలో పనిచేశాడు. క్రిస్మస్‌కి కానుకగా ఇచ్చుకునేందుకు రంగురంగుల చెక్కలతో ఆ ఊడ్పు యంత్రాలు చేయించాడు. వాటిలో ఒకటి భారతదేశం నుంచి తెప్పించిన ఎర్ర చెక్క. ఆ చెట్లు నరికింది ఖైదీలనీ, ఏనుగులు వాటిని గంగ ఒడ్డుకి లాగాయనీ దుకాణదారులకి కథగా వినిపించాడు. మూడు వారాల్లో రెండున్నర లక్షల యంత్రాలు అమ్మానని రాసుకున్నాడు. మన అడవుల్లో మన ఖైదీల రెక్కల కష్టం అమెరికాలో పండగ కానుకకి ముచ్చటైన కథ అయింది. పంతులుగారు పట్టా చేతబట్టుకుని ఉద్యోగం వెతుక్కున్నది కూడా సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే. ఇక్కడ అమ్మడానికి కథలు లేకపోలేదు. ఆ కథలతో లాభపడేవాళ్లు ఎక్కడో ఉండేవారు, అదీ తేడా.

పంతులుగారు మద్రాసులో ఏదో వ్యాపారం మొదలుపెట్టారు. అది నిలవలేదు. కలకత్తా వెళ్లారు. అక్కడి నుంచి బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. 1893లో అదే బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలైంది. తెలుగుదేశానికి అంత దూరంలో, తెలిసిన ముఖం కనిపించని ఊళ్లో, ఇరవయ్యారేళ్ల వయసులో. వెనక ఆస్తులు లేవు. ప్రకటనలు రాసిపెట్టే కంపెనీ అంటూ కూడా ఏదీ లేదు. బొంబాయిలో మన దేశస్థులు పెట్టిన మొదటి ప్రకటనల సంస్థగా పేరున్న బి. దత్తారాం కంపెనీ మొదలైంది 1905లో. అమెరికా వాళ్ల జె. వాల్టర్ థామ్సన్ బొంబాయిలో కాలు పెట్టింది 1929లో. అంటే హాప్కిన్స్ వెనక లాస్కర్ ఉన్నాడు, ఖజానా ఉంది, పత్రికల్లో పేజీలకు పేజీలు ఉన్నాయి. పంతులుగారి వెనక ఎవరూ లేరు. చేతిలో సీసా ఉంది.

సీసా పది అణాలని చెబుతారు. రెక్కాడితేగాని డొక్కాడనివాడికి అది చిన్న మొత్తం కాదు. పైగా ఎవరో కొత్త మనిషి చేసిన పసుపుపచ్చ లేహ్యం లాంటిది, దాన్ని నుదుటికి రాసుకోమంటే ఎవరు రాసుకుంటారు? ఇంట్లో శొంఠి లేదా, మిరియాలు లేవా? పంతులుగారు ఆ చిక్కును విప్పిన తీరు చూడండి. సంగీత సభలకి వచ్చినవాళ్లకి మందును ఉచితంగా పంచారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

శ్రోతలు ఈ ఉపాయాన్ని ఒక్క నిమిషం ఊహలోకి తెచ్చుకోవాలి. సభకి వచ్చేవాళ్లు ఎవరు? ఉద్యోగస్థులు, వకీళ్లు, వర్తకులు, వాళ్ల కుటుంబాలు. పది అణాలు పెట్టగలవాళ్లు. పగలంతా పనిచేసి, సాయంత్రం గాలి ఆడని హాల్లో గంటల తరబడి కూర్చునేవాళ్లు. తలనొప్పి ఎక్కడ ఉంటుందో మందును అక్కడికే తీసుకెళ్లారన్నమాట. ఇక ఆ మందు చేసే పని. కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ నూనె లాంటివి అందులో ఉండే ముఖ్యమైన సరుకులు. పిప్పరమెంటు పువ్వు చర్మం మీద చల్లదనం తెలిపే నరాలను తట్టి లేపుతుంది. నిజానికి చర్మం చల్లబడదు, చల్లబడినట్టు మనకి తెలుస్తుంది. వెంటనే వెనక నుంచి వెచ్చదనం వస్తుంది. ఆ చురుకు ముందు నొప్పి వెనకపడుతుంది. రాసుకున్న రెండు మూడు నిమిషాల్లో ఏదో జరిగిందని మనిషికి తెలిసిపోతుంది. అంతటితో అయిపోలేదు. మూసిన హాల్లో ఒకరు రాసుకుంటే ఆ వాసన చుట్టూ పది కుర్చీల వరకు వెళుతుంది. ఏమిటండీ ఆ వాసన అని పక్కవాళ్లు అడుగుతారు. రాసుకున్నవాడే పేరు చెబుతాడు. అచ్చు ఖర్చు లేదు, కాగితం ఖర్చు లేదు. కొనబోయేవాడి నుదుటి మీదే ప్రకటన.

హాప్కిన్స్ 1923లో ప్రకటనల శాస్త్రం గురించి ఒక పుస్తకం రాశాడు. ఈనాటికీ వ్యాపార కళాశాలల్లో దాని పేరు వినిపిస్తుంది. అందులో శాంపిళ్లకి ఒక అధ్యాయమే ఉంది. శాంపిల్‌ని గుమ్మాల ముందు విసిరి పారెయ్యకు, అవసరం ఉండి అడిగినవాడికి ఇవ్వు అంటాడు. అందుకోసమే పత్రికలో కూపన్ అచ్చువేసి, అది కత్తిరించి పంపినవాళ్లకే సరుకు పంపించేవాడు. మంచి సూత్రమే. దానికి ముప్ఫై ఏళ్ల ముందు, కూపను లేని దేశంలో, అవసరం ఉన్నవాళ్లంతా ఒకచోట కూర్చునే స్థలం ఏదో పంతులుగారు కనిపెట్టారు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విని ఉంటారని నేను అనుకోను. మంచి వర్తకుడికి లోకమంతా ఒకే బడి.

ఇక్కడిదాకా ఇద్దరినీ ఒకే తక్కెడలో పెట్టవచ్చు. ఇక్కడి నుంచే దారులు చీలతాయి.

హాప్కిన్స్ పెద్ద జీతానికి ముందు మందుల ప్రకటనలు రాశాడు. లిక్వోజోన్ అని ఒక మందు. సూక్ష్మజీవులన్నిటినీ చంపేస్తుందని ప్రచారం. కూపన్ పంపితే అర డాలరు సీసా ఉచితం, దుకాణదారుడికి డబ్బు కంపెనీయే కడుతుంది. జనం వేలంవెర్రిగా ఎగబడ్డారు. 1905లో కోలియర్స్ అనే వారపత్రికలో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ అనే విలేకరి వరసగా వ్యాసాలు రాసి ఈ మందుల గుట్టు రట్టు చేశాడు. ఇంటిపేరులాంటిది కలిసిందే తప్ప ఇద్దరికీ చుట్టరికం లేదు. లిక్వోజోన్ సీసాలో ఉన్నది దాదాపు నీళ్లు, అందులో కాస్త ఆమ్లం. క్షయకీ అదే, కాన్సరుకీ అదే. ఆ గొడవ తర్వాత ఏడాది తిరక్కుండా, 1906లో, అమెరికా ప్రభుత్వం ఆహారానికీ మందులకూ కలిపి మొదటి పెద్ద చట్టం తెచ్చింది. ప్రకటన రాసిన చెయ్యి మాత్రం అదే. ష్లిట్జ్‌కి రాసిన చెయ్యే లిక్వోజోన్‌కీ రాసింది. నేర్పులో తేడా లేదు. తేడా సీసాలో ఉంది.

తలనొప్పి మందు విషయంలో పరీక్ష కొన్నవాడి చేతిలోనే ఉంటుంది. తగ్గిందో లేదో సభ ముగిసేలోపు తేలిపోతుంది. తగ్గకపోతే రెండో సీసా కొనడు. క్షయ మందు పరీక్ష అలా కాదు. అది పనిచెయ్యదని తేలేనాటికి రోగి ఉండడు, ఫిర్యాదు చేసేవాడూ ఉండడు. మందుల ప్రకటనల్ని తూచే రాయి నాకు ఇదొక్కటే కనిపిస్తుంది. నిజమా కాదా అన్నది కొన్నవాడికి ఎంత త్వరగా తెలుస్తుంది?

రెండో తేడా డబ్బు ఎటు వెళ్లిందన్నది. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగు పత్రికల చరిత్ర అంతా ఈ మలుపులో ఉంది. 1907లో సూరత్ కాంగ్రెసుకి పంతులుగారు వెళ్లారు. తెలుగువాళ్లకి దేశం సంగతులు చెప్పే బలమైన పత్రిక లేదని అక్కడ గట్టిగా అనిపించింది. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలుపెట్టారు. 1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి దినపత్రిక అయింది. నాలుగు నెలలకి ప్రపంచ యుద్ధం వచ్చింది, వార్తలకి కరువు తీరని కాలం వచ్చింది. 1924 జనవరిలో భారతి మాసపత్రిక. తర్వాత ఆంధ్రగ్రంథమాల. కొమర్రాజు లక్ష్మణరావుగారు తలపెట్టి మధ్యలో విడిచి వెళ్లిపోయిన విజ్ఞానసర్వస్వాన్ని మళ్లీ అచ్చువేసే పని. వీటిలో లాభాలు తెచ్చేవి తక్కువ. మనలాంటి దేశంలో పత్రిక కొన్నవాడు ఇచ్చే కాసు కాగితం ఖరీదుకే చాలదు. మిగతాది ప్రకటనలు పూడ్చాలి. ప్రకటనలిచ్చేవాళ్లు ఎవరు? తెల్లవాళ్ల కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, జమీందార్లు. వాళ్లకి కోపం తెప్పించే రాతలు రాస్తే ప్రకటన ఆగిపోతుంది. ఆంధ్రపత్రికకి ఆ భయం తక్కువ. లోటు పూడ్చడానికి అమృతాంజనం ఉంది. పంతులుగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లినా, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసుకి అధ్యక్షత వహించినా, ఆయన పత్రికని మూయించడానికి ప్రకటనలు ఆపేస్తే సరిపోదని దొరలకి తెలుసు.

అమెరికాలో ఇదే కాలంలో జరిగింది ఇందుకు నేరుగా తలకిందులు. అక్కడ మందుల కంపెనీలు పత్రికలకి ప్రకటనలిస్తూ ఒప్పందంలో ఎర్ర సిరాతో ఒక షరతు అచ్చువేయించేవి. మీ రాష్ట్రంలో మా మందులకి వ్యతిరేకంగా చట్టం వస్తే ఈ ఒప్పందం రద్దు అని. అంటే ప్రకటన డబ్బు కావాలనుకున్న ప్రతి పత్రికా ఆ చట్టం రాకుండా చూసుకోవాలి. 1905లో ఇదీ కోలియర్స్ పత్రికే బయటపెట్టింది. అక్కడ మందు పత్రిక నోరు మూసింది. ఇక్కడ మందు పత్రిక నోరు తెరిపించింది.

అయితే ఒక ప్రశ్న వెయ్యకుండా ఉండలేను. అమృతాంజనంలో ఏదైనా లోపం ఉంటే ఆంధ్రపత్రిక రాయగలిగేదా? రాయలేదు. పత్రిక యజమానీ సరుకు యజమానీ ఒకరే అయినప్పుడు పత్రిక ఒక్క విషయంలో ఎప్పటికీ మూగదే. పంతులుగారి కాలంలో అది ప్రమాదం కాలేదు, సరుకు నిలబడే సరుకు కాబట్టి, మనిషి అలాంటి మనిషి కాబట్టి. ఇవాళ పెద్ద పెద్ద వ్యాపారాలున్నవాళ్ల చేతుల్లో టీవీలు, పత్రికలు ఉన్నాయి. అందరూ పంతులుగార్లు కారు. పద్ధతి మాత్రం అదే. దీనికి ఆయన బాధ్యులని అనను. ఆయన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి కూడా తలుచుకోవాలి.

మందు సొమ్ముతో పత్రిక నడిపే దారిలో ఆయన ఒక్కరే కాదు. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరిగారు స్త్రీల కోసం లోధ్ర అనే మందు తయారుచేశారు. ఆ మందు అమ్మకాలే 1928లో మొదలైన గృహలక్ష్మి అనే స్త్రీల మాసపత్రికకి ఊపిరి. రచయిత్రులకి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చే సంప్రదాయమూ అక్కడి నుంచే. అటు పండిత దీవి గోపాలాచార్యులుగారి ఆయుర్వేదాశ్రమం, వారి జీవామృతం. పాత పత్రికల కట్టలు ఎవరి దగ్గరైనా ఉంటే తీసి చూడండి. కథల కన్నా, సంపాదకీయాల కన్నా ముందు మీకు కనిపించేవి మందు సీసాల బొమ్మలు. కార్డు ముక్క రాస్తే వి.పి. పోస్టులో ఇంటికొచ్చేవి. లంకల్లో ఉన్నవాడికైనా సరే, టపా బంట్రోతు వెళ్లగలిగితే చాలు, మద్రాసు మందు అందేది. మన తెలుగు సాహిత్య చరిత్ర రాసినవాళ్లు ఈ సీసాలకి ఒక అధ్యాయం కేటాయించాల్సింది. బందరులో పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన కాలమూ అదే. దేశం కోసం పనిచేసేవాడు డబ్బు పని తెలుసుకోవడం తప్పు కాదని కృష్ణా జిల్లావాళ్లు తొందరగా గ్రహించారు.

1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1937 నవంబరు 16న మైలాపూరులో పంతులుగారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. 1938 ఏప్రిల్ 11న ఆయన పోయారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు మందునీ పత్రికనీ కూడా నడిపారు. ఆంధ్రపత్రిక, భారతి రెండూ మూతపడ్డాయి. మందు ఇంకా ఉంది. చెన్నైలో లజ్ దగ్గర ఆయన పేరున ఉద్యానవనం ఉంది, పొద్దున్నే జనం నడకకి వస్తారు.

సరే, ఇదంతా పాత కథ. దివిసీమ రైతుకి దీంతో ఏం పని అంటారా? ఉంది.

నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ రోడ్ల మీద వెళితే మీకు కనిపించే బోర్డులు ఏమిటి? రొయ్య మేత. ప్రోబయోటిక్. మినరల్ మిక్చర్. చెరువు అడుగు శుభ్రం చేసే మందు, గ్యాసు తగ్గించే మందు, రొయ్య సైజు పెంచే మందు. కంపెనీ టెక్నీషియన్ మోటారు సైకిల్ మీద చెరువు గట్టుకే వస్తాడు. శాంపిల్ ప్యాకెట్ ఉచితం. సాయంత్రం హోటల్లో రైతుల మీటింగు, అక్కడ తెర మీద బొమ్మలు, తర్వాత భోజనం. హాప్కిన్స్ చూస్తే ఎంతో మురిసిపోయేవాడు. అతని సూత్రాలు ఒక్కటి కూడా వదలకుండా పాటిస్తున్నారు.

నేను ఈ సరుకులన్నీ మోసమని అనడం లేదు. మంచి మేత ఉంది, పనికొచ్చే మినరల్స్ ఉన్నాయి. కానీ ఇందాకటి తూకపు రాయి ఇక్కడ పెట్టి చూడండి. తలనొప్పి మందు పనిచేసిందో లేదో మూడు నిమిషాల్లో తెలుస్తుంది. చెరువులో పోసిన ప్రోబయోటిక్ పనిచేసిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది? పంట పట్టాక. పంట బాగుంటే మా మందు వల్ల అంటారు. పోతే వాతావరణం, సీడ్, ఉప్పుశాతం, పక్క చెరువు నీళ్లు. తప్పు దేనిదైనా కావచ్చు, మందుది మాత్రం కాదు. పక్కన మందు వెయ్యని చెరువు పోల్చి చూడటానికి ఉండదు. ఈ వ్యాపారంలో పరీక్ష రైతు చేతిలో లేదు. హాప్కిన్స్ లిక్వోజోన్ అమ్మిన స్థలం ఇదే.

1994, 95 ప్రాంతాల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగరు రొయ్య చెరువులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో ఈ సీమలో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ వైరస్‌కి మందు ఇవాళ్టికీ లేదు. మంచి సీడ్, పరీక్ష చేయించిన సీడ్, నీటి జాగ్రత్త, పక్క చెరువుతో సయోధ్య, ఇవే రక్షణ. అయినా తెల్లమచ్చకి మందు ఉందని ఎవరైనా మీ గట్టు మీదికి వచ్చి చెబితే అతను అమ్ముతున్నది ఏమిటో అర్థం చేసుకోవచ్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పేరు సరిగా లేని ప్యాకెట్లలో క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధించిన యాంటీబయాటిక్‌లు ఉంటే, ఎగుమతి దగ్గర సరుకు పట్టుబడుతుంది. నష్టపోయేది ప్యాకెట్ అమ్మినవాడు కాదు.

చట్టాలు లేకపోలేదు. అబద్ధపు మందుల ప్రకటనల మీద మన దేశంలో 1954లోనే చట్టం వచ్చింది. అది మనుషుల మందులకే కాదు, జంతువుల మందులకి కూడా వర్తిస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేపల, రొయ్యల మేత నాణ్యత మీద ప్రత్యేక చట్టం చేసింది, ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ కూడా ఆ ఏడాదే చట్టంతో ఏర్పడింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. చట్టం పుస్తకంలో ఉంటుంది. దాన్ని చెరువు గట్టు మీదికి తీసుకురావాల్సింది ఫిర్యాదు.

కాబట్టి రైతు సోదరులకి, అక్కచెల్లెళ్లకి నా మనవి. ఈ పంటకి శాంపిల్ ప్యాకెట్ ఇస్తే పుచ్చుకోండి, తప్పులేదు. కానీ కొనేముందు మూడు సంగతులు అడగండి. ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు ఉన్నాయా? లోపల ఏముందో, ఎంత శాతమో రాసి ఉందా? ఇది పనిచెయ్యలేదని నాకు ఎన్నాళ్లలో, ఎలా తెలుస్తుంది? మూడో ప్రశ్నకి జవాబు చెప్పలేని మనిషి దగ్గర అప్పుకి కూడా కొనకండి. బిల్లు అడిగి తీసుకోండి, పంట అయ్యేదాకా దాచండి, ఖాళీ ప్యాకెట్ కూడా పారెయ్యకండి. మోసమని తేలితే మండలంలో మత్స్యశాఖ అధికారికి కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. ప్రకటన మీద ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. నంబరు 1915.